జంట ఆటలో జగజ్జేత్రి: సానియా మీర్జా క్రీడాజీవితము

2024లో శ్రీ విజయపురమను పేరు పొందిన పోర్ట్ బ్లెయిరు రేవునకు ఎదురుగా, పడవపై కొద్ది నిమిషముల దూరములో, ఒక చిన్న ద్వీపము కలదు. ఆంగ్లేయులు దానిని రాస్ ద్వీపమనిరి; 2018వ సంవత్సరమునుండి అది నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపము. 1858లో ఖైదీల వసతి ఏర్పడినప్పటినుండి రెండవ ప్రపంచయుద్ధకాలము వరకు అండమానుల పరిపాలనకు ఆ చిన్న దీవియే కేంద్రముగా నుండెను. చెట్ల వేళ్లు పెనవైచుకొన్న గోడల నడుమ నేటికిని అచ్చట చర్చి, రొట్టెల బట్టీ, దొరల క్లబ్బు మొదలైనవాని శిథిలములు కన్పట్టును. వానితోపాటు ఒక టెన్నిసు ఆటస్థలపు ఆనవాలు కూడ కలదు. ఖైదీల కాయకష్టముతో వెలసిన ఆ దీవిలో దొరలును దొరసానులును సాయంకాలములందు ఈ ఆటతో ప్రొద్దుపుచ్చిరి.

టెన్నిసు మనదేశమునకు వచ్చిన విధము ఇట్టిదే. కంటోన్మెంట్లలోను, క్లబ్బులలోను, జిల్లా అధికారుల బంగళాలలోను అది పాలకుల వినోదముగా ప్రవేశించెను. ఇంగ్లండులో వింబుల్డన్ పోటీలు 1877లో ఆరంభమాయెను. స్త్రీలకు సింగిల్స్ పోటీ 1884లోను, డబుల్స్ పోటీ 1913లోను అచ్చట ఏర్పడినవి. వింబుల్డన్‌లో ఒక ఆట గెలిచిన మొదటి భారతీయ మహిళ లీలా రావు; అది 1934వ సంవత్సరము. పిమ్మట పురుషులలో రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరములలో వింబుల్డన్ సెమీఫైనల్ చేరి దేశమునకు పేరు తెచ్చెను. స్త్రీలలో నిరుపమా మన్కడ్, నిరుపమా వైద్యనాథన్ మొదలైనవారు తమ తమ కాలములలో దారి వేసిరి. అయినను ప్రపంచమున ప్రథమస్థానమను మాట భారతీయ మహిళల విషయమున చాలకాలము ఊహకు కూడ అందలేదు.

ఆ స్థానమును 2015 ఏప్రిల్ 13వ తేదీన ఒక హైదరాబాదు యువతి అందుకొన్నది. ఆమె పేరు సానియా మీర్జా. అయితే ఆమె అందుకొన్నది ఒంటరి ఆటలోని ప్రథమస్థానము కాదు, జంటల ఆటలోనిది. ఈ భేదమును పట్టుకొని కొందరు ఆ కిరీటము వెల తగ్గించి మాట్లాడుటయు కలదు. డబుల్స్ అనునది సింగిల్స్‌లో నెగ్గలేనివారి ఆశ్రయమని వారి యభిప్రాయము. ఈ మాట ఎంతవరకు నిజమో తెలియవలెనన్నచో ఆమె క్రీడాజీవితమును మొదటినుండి పరిశీలింపవలెను.

జంటల ఆట స్వరూపము

ముందుగా ఆ ఆటను గూర్చి రెండు మాటలు. టెన్నిసు ఆటస్థలము పొడవు 78 అడుగులు. సింగిల్స్‌కు దాని వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌కు ఇరుప్రక్కల నాలుగున్నర అడుగుల చొప్పున చేర్చి 36 అడుగులు చేయుదురు. ఈ తొమ్మిది అడుగుల తేడా ఆట స్వభావమునే మార్చివేయును. సింగిల్స్‌లో కాలిసత్తువ, ఓర్పు, ఒంటరి మనోబలము ప్రధానములు. డబుల్స్‌లో వలయొద్ద నిలిచి బంతి నేల తాకకముందే కొట్టు వాలీ, ఎదుటి ఇద్దరి నడుమను వెదకి బంతిని పంపు నేర్పు, రెప్పపాటులో నిర్ణయించు చురుకుదనము ప్రధానములు. ఒకరు సర్వీసు చేయునప్పుడు రెండవవారు వలయొద్ద నుందురు. ఎవరు ఎటు కదలవలెనో వీపువెనుక చేతి సైగలతో తెలుపుకొందురు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయము వేరొకటి కలదు. ఎదుటిపక్షమువారు ఎప్పుడును ఇద్దరిలో బలహీనుని వెదకి బంతినంతయు అటే పంపుదురు. కనుక తన లోపమును తోడివారు కప్పవలెను. వారి లోపమును తాను కప్పవలెను. జోడెడ్లలో ఒకటి ముందుకును ఒకటి వెనుకకును లాగినచో బండి సాగదు. తప్పు చేసిన తోడివారిపై ముఖము చిట్లించినను ఆట పోవును. గెలిచినప్పుడు కీర్తిని సగముగా పంచుకొనవలెను. ఓడినప్పుడు నిందను పంచుకొనుటకు వెనుదీయరాదు. ఇంత చేసినను డబుల్స్ బహుమాన ద్రవ్యము సింగిల్స్‌లో ఇచ్చుదానిలో కొద్దిభాగమే. పత్రికలలో దొరకు చోటును అట్టిదే.

ఇంట గెలుపు

సానియా 1986 నవంబరు 15వ తేదీన బొంబాయిలో జన్మించెను. తండ్రి ఇమ్రాన్ మీర్జా, తల్లి నసీమా. కుటుంబము కొద్దికాలమునకే హైదరాబాదు చేరెను. ఒకప్పటి భారత క్రికెట్ నాయకుడు గులాం అహమ్మద్ ఈ కుటుంబమునకు బంధువు. ఆరవ యేట బాలిక ర్యాకెట్టు పట్టినది. పిల్ల మరీ చిన్నదని తొలుత శిక్షకుడు చేర్చుకొనుటకు సందేహించెననియు, కొద్ది వారములలోనే ఆ శిక్షకుడే తల్లిదండ్రులను పిలిపించి ఇట్టి ప్రతిభను తాను చూడలేదని చెప్పెననియు ఆమె పెద్దయిన పిమ్మట పలుమారులు చెప్పినది. తండ్రియే ఆమెకు ముఖ్యశిక్షకుడయ్యెను. నాసర్ పాఠశాలలోను, సెయింట్ మేరీస్ కళాశాలలోను చదువుచునే ఆమె ఆట సాగించెను.

2002లో బూసాన్‌లో జరిగిన ఆసియా క్రీడలలో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యపతకము పొందినప్పుడు ఆమెకు పదునారేండ్లు నిండలేదు. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్‌లో రష్యా బాలిక అలీసా క్లేబనోవాతో కలిసి విజేత యయ్యెను. ఆ యేడే హైదరాబాదులో జరిగిన ఆఫ్రో ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణపతకములు గెలిచెను. 2004 ఫిబ్రవరిలో హైదరాబాదు ఓపెన్ పోటీలో లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచినది. మహిళా టెన్నిసు సంఘపు పోటీలలో ఆమెకు అది తొలి టైటిలు. ఆమె మొదటి గెలుపులు పెక్కు జంట ఆటలోనివే యనుట ఇచ్చట గమనింపదగిన విషయము. డబుల్స్ ఆమెకు తుది ఆశ్రయము కాదు. అది తొలి పరిచయము.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలనిరి. 2005 ఫిబ్రవరిలో అదే హైదరాబాదు ఓపెన్ సింగిల్స్‌లో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండరెంకోను మూడు సెట్లలో ఓడించి, ఈ స్థాయిలో సింగిల్స్ టైటిలు గెలిచిన మొదటి భారతీయ మహిళగా ఆమె చరిత్ర కెక్కెను.

ఒంటరి పోరు

2005వ సంవత్సరము ఆమె జీవితములో ఒక ఉప్పెనవంటిది. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడవ రౌండు చేరి సెరీనా విలియమ్స్ చేతిలో ఓడెను. మార్చిలో దుబాయిలో, అంతకుముందటి యేడు అమెరికా విజేతయైన స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించెను. సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్ నాలుగవ రౌండు చేరి మరియా షరపోవాతో ఆడెను. గ్రాండ్‌స్లాం సింగిల్స్‌లో భారతీయ మహిళ అంతవరకు చేరుట అదియే మొదటిసారి. మహిళా టెన్నిసు సంఘము ఆమెను ఆ సంవత్సరపు ఉత్తమ నూతన క్రీడాకారిణిగా ఎన్నుకొనెను. 2006లో పద్మశ్రీ లభించెను. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27కు చేరెను.

ఆమె బలము ఫోర్‌హ్యాండు. మణికట్టు విరుపుతో, కొరడా ఝళిపించినట్లు ఆమె కొట్టు ఆ దెబ్బను ప్రపంచములోని మేటి క్రీడాకారిణులు సైతము మెచ్చిరి. ఆమె సర్వీసు మాత్రము అంత బలమైనది కాదు. సింగిల్స్‌కు కావలసిన నిరంతరమైన పరుగు ఆమె మోకాళ్లకు భారమాయెను. విచిత్రమేమనగా, ఏ మణికట్టు ఆమెకు గెలుపు తెచ్చెనో అదియే దెబ్బతినెను. 2008లో కుడి మణికట్టుకు శస్త్రచికిత్స జరిగెను. ఆ యేడు బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో సింగిల్స్ ఆట నడుమ నొప్పికి తాళలేక ఆమె తప్పుకొనవలసివచ్చెను. జుట్టు దువ్వుకొనుటయు కష్టమైన రోజులవి యని ఆమె తరువాత చెప్పుకొన్నది. ఇరువది రెండేండ్ల వయసులో ఇక ఆట ముగిసినదేమో యను భయము కలిగెను.

దారి మలుపు

ఇట్టి సమయమున ఆమె క్రీడాజీవితములో రెండవ దారి తెరచుకొనెను. నిజమునకు ఆ దారి ముందునుండియే యున్నది. 2007వ సంవత్సరములోనే ఆమె నాలుగు డబుల్స్ టైటిళ్లు గెలిచియుండెను. ఆ నాలుగింటిని గెలిచినది నలుగురు వేర్వేరు తోడివారితో: మొరాకోలో వానియా కింగ్‌తో, సిన్సినాటిలో బెథానీ మాటెక్‌తో, స్టాన్‌ఫర్డ్‌లో షహర్ పేర్‌తో, న్యూహేవెన్‌లో మారా సాంటాంజెలోతో. ఎవరితో జత కలిసినను ఆటను వారి కనువుగా మలచుకొనగల గుణము ఆమెలో నున్నదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

2009 జనవరిలో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచి, గ్రాండ్‌స్లాం పట్టము పొందిన మొదటి భారతీయ మహిళ యయ్యెను. అంతకుముందటి యేడు ఈ జంట అచ్చటనే ఫైనల్‌లో ఓడియుండెను. 2011లో ఎలీనా వెస్నినాతో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మహిళల డబుల్స్ ఫైనల్ చేరినది గాని, చెక్ జంటయైన హ్లవాచ్కోవా, హ్రదెత్స్కాల చేతిలో ఓడినది. 2012లో భూపతితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ కూడ గెలిచెను. ఆ పిమ్మట ఆమె సింగిల్స్ విడిచి పూర్తిగా జంటల ఆటకు అంకితమయ్యెను.

ఈ నిర్ణయము పైకి ఓటమివలె కన్పట్టవచ్చును. సింగిల్స్‌లో పేరున్నది, ధనమున్నది, ప్రకటనలున్నవి. వానిని కాదని, తన గెలుపు మరియొకరిపై సగము ఆధారపడు రంగమునకు వచ్చుట సులభము కాదు. శరీరము ఎంతవరకు సహకరించునో ఉన్నదున్నట్లు ఒప్పుకొని, మిగిలిన బలమునకు తగిన క్షేత్రమును ఎన్నుకొనుటలో వివేకము కలదు. ఆమె తరువాతి విజయములన్నిటికిని ఆ వివేకమే పునాది.

మాటల శరములు

ఆమె ఆడినది ఆటస్థలములో మాత్రమే కాదు. 2005లో ఆమె దుస్తులపై మతపెద్దలు కొందరు ఆక్షేపణ తెలిపిరి. 2008లో జాతీయపతాకమును అవమానించెనని నింద మోపిరి. ఆ వేదనలో ఆమె ఆ యేటి బెంగుళూరు పోటీలో ఆడుటయే మానుకొనెను. 2010 ఏప్రిల్‌లో పాకిస్తాన్ క్రికెట్ క్రీడాకారుడు షోయబ్ మాలిక్‌ను వివాహమాడినప్పుడు మరల పెద్ద కోలాహలము చెలరేగెను. 2014లో నూతనముగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము ఆమెను తన ప్రచారకర్తగా నియమించినప్పుడు, ఆమె పరాయిదేశపు కోడలనియు, ఈ గడ్డకు చెందినది కాదనియు కొందరు పలికిరి. తాను భారతీయురాలననియు, తుదివరకు భారతీయురాలిగనే ఉందుననియు ఆమె బదులు చెప్పెను. వివాహానంతరము కూడ ఆమె త్రివర్ణపతాకము క్రిందనే ఆడినది. నిందలు వేసినవారికి ఆ పతాకమే తగిన సమాధానము.

2012 లండను ఒలింపిక్ క్రీడలకు జట్టును ఎన్నుకొనునప్పుడు మరియొక చేదు అనుభవము కలిగెను. పురుష క్రీడాకారుల మధ్య ఎవరు ఎవరితో ఆడవలెనను తగవు రేగెను. దానిని చల్లార్చుటకై, కొద్దివారముల క్రిందటనే భూపతితో పారిస్‌లో గెలిచిన సానియాను పేస్‌తో జత చేసిరి. దేశము కొరకు ఎవరితోనైనను ఆడుదును గాని, ఒక స్త్రీని పురుషుల తగవులో ఎరగా వాడుట తగదని ఆమె బహిరంగముగా ఒక ప్రకటన చేసెను. ప్రకటన చేసిన పిమ్మట పేస్‌తో కలిసి ఆడెను కూడ. నోరు మెదపక ఓర్చుకొనుట ఒక దారి, అలిగి తప్పుకొనుట మరియొక దారి. ఆమె మూడవదానిని ఎన్నుకొన్నది. చెప్పవలసినది చెప్పి, చేయవలసినది చేసినది.

ఉచ్చదశ

2013, 2014 సంవత్సరములలో జింబాబ్వే క్రీడాకారిణి కారా బ్లాక్‌తో ఆమె జత కట్టెను. వయసులో పెద్దదియు, డబుల్స్‌లో ఆరితేరినదియు నైన ఆమె తోడుగా 2014 అక్టోబరులో సింగపూరులో సంవత్సరాంత పోటీని గెలిచెను. ఫైనల్‌లో ఎదుటి జంటకు దక్కినది ఒకే ఒక గేము. ఆ యేడే బ్రెజిల్ క్రీడాకారుడు బ్రూనో సోరెస్‌తో అమెరికన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ కూడ గెలిచెను.

ఈ రెండు గెలుపుల నడుమ ఆమె ఇంచియాన్ ఆసియా క్రీడలకు పోయి, సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణము తెచ్చెను. ఈ ద్వీపములనుండి ఓడ యెక్కినవారు దిగు విశాఖపట్టణమే సాకేత్ నివాసము. ఒక హైదరాబాదు యువతియు, ఒక విశాఖ యువకుడును కలిసి భారతదేశము పేర గెలిచిన స్వర్ణపతకమిది. రాష్ట్రము రెండుగా విడిపోయి నాలుగు నెలలైనను గడువని ఆ దినములలో తెలుగువారి కది ప్రత్యేకమైన సంతోషము.

2015 మార్చిలో స్విట్జర్లండు క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో ఆమె జత కుదిరెను. హింగిస్ 1997లో, పదునారేండ్ల వయసులో, సింగిల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానము పొందిన మేధావి. వలయొద్ద ఆమె చేతివాటము అసమానము. సానియా బలము వెనుకగీత యొద్దనుండి కొట్టు ఫోర్‌హ్యాండు. ఒకరు వెనుకనుండి గట్టి దెబ్బతో ఎదుటివారిని తడబరచుట, ఆ తడబాటులో తేలి వచ్చిన బంతిని మరియొకరు వలయొద్ద త్రుంచివేయుట వారి పద్ధతి. ఒకరి లోటు మరియొకరి బలముతో పూడిపోయెను. ఇండియన్ వెల్స్, మయామీ, చార్ల్‌స్టన్ అను మూడు పోటీలను వరుసగా గెలిచిరి. ఏప్రిల్ 12వ తేదీన చార్ల్‌స్టన్ ఫైనల్ గెలువగా, మరునాడు వెలువడిన పట్టికలో సానియా పేరు మొదట నిలిచెను.

ఆ జూలై 11వ తేదీన వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్ జరిగెను. ఎదుట మకరోవా, వెస్నినా అను రష్యా జంట. నాలుగేండ్ల క్రిందట సానియాతో కలిసి పారిస్ ఫైనల్‌లో ఆడిన వెస్నినాయే ఈమె. మొదటి సెట్టు 7-5తో రష్యా జంట కైవసమాయెను. రెండవ సెట్టును టై బ్రేకులో సానియా, హింగిస్ దక్కించుకొనిరి. మూడవ సెట్టులో వారు 2-5తో వెనుకబడిరి. మరియొక్క గేము పోయినచో పరాజయమే. అచ్చటనుండి ఒక్కొక్క గేమే గెలుచుచు 5-5 చేసిరి. అప్పటికి చీకటిపడుచుండుటచే ఆట నిలిపి, కోర్టుపైని కప్పు మూసి దీపములు వెలిగించిరి. విరామానంతరము మిగిలిన రెండు గేములను కూడ గెలిచి 5-7, 7-6, 7-5తో పట్టము చేకొనిరి. వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిన మొదటి భారతీయురాలు సానియా.

2-5తో వెనుకబడినప్పుడు సింగిల్స్ క్రీడాకారిణి తన ధైర్యమును తానే కూడగట్టుకొనును. డబుల్స్‌లో తన ధైర్యము చాలదు. తోడివారి ధైర్యము కూడ సడలకుండ కాపాడవలెను. ఆ దినమున ఆ యిద్దరును చేసిన పని యిదే.

పిమ్మట సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ వారి వశమాయెను. ఆస్ట్రేలియాలో ఫైనల్‌లో ఓడినది, 2011లో పారిస్‌లో సానియాను ఓడించిన ఆ చెక్ జంటయే. ఈ నడుమ వరుసగా 41 ఆటలు ఓటమి యెరుగక గెలిచిరి. 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆ పరంపర ముగిసెను. కలిసి గెలిచిన టైటిళ్లు మొత్తము 14. 2015లో రాజీవ్ ఖేల్ రత్న, 2016లో పద్మభూషణ్ సానియాను వరించినవి.

ఏ జంటయు శాశ్వతము కాదు. 2016 ఆగస్టులో వారిరువురును విడిపోయిరి. వెనువెంటనే జరిగిన సిన్సినాటి పోటీ ఫైనల్‌లో వీరే ప్రత్యర్థులుగా తలపడిరి. చెక్ క్రీడాకారిణి స్ట్రికోవాతో కూడిన సానియాయే గెలిచి, అంతవరకు హింగిస్‌తో పంచుకొన్న ప్రథమస్థానమున తానొక్కతియే నిలిచెను. మరి కొన్ని నెలలకు, 2017 జనవరిలో, బ్రిస్బేన్‌లో బెథానీ మాటెక్‌తో కలిసి ఆమె టైటిలు గెలిచెను. ఆ గెలుపుతోనే ప్రథమస్థానము సానియానుండి మాటెక్‌కు పోయెను! తోడివారితో గెలిచి, ఆ గెలుపుచేతనే తన పీఠమును తోడివారికి అప్పగించుట ఈ ఆటలో తప్ప మరెచ్చట సంభవించును? మొత్తము 91 వారములు ఆమె ప్రథమస్థానమున నుండెను.

రెండవ రాక

2017 చివర మోకాలి నొప్పి ఆమెను ఆటకు దూరము చేసెను. 2018 అక్టోబరులో ఆమె ఒక కుమారునికి తల్లి యయ్యెను. ఇక తిరిగి రాదని పలువురు తలచిరి. 2020 జనవరిలో హోబార్ట్ పోటీలో ఉక్రెయిన్ క్రీడాకారిణి నదియా కిచెనోక్‌తో బరిలో దిగి, తిరిగి వచ్చిన మొదటి పోటీలోనే టైటిలు గెలిచెను. ఆ వసంతమున దుబాయిలో భారత మహిళాజట్టు ఫెడ్ కప్ ప్లేఆఫ్ దశకు మొదటిసారి అర్హత పొందుటలో ఆమె పాలు పంచుకొనెను. ఆమె ఆటను గ్యాలరీలో కూర్చున్న పసివాడు చూచుచుండెను. ఆ పోటీల సందర్భమున లభించిన ఫెడ్ కప్ హార్ట్ పురస్కార ద్రవ్యమును కరోనా కాలములో తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చివేసెను. 2021 సెప్టెంబరులో ఓస్ట్రావాలో చైనా క్రీడాకారిణి ఝాంగ్ షువాయితో గెలిచినది ఆమె 43వ డబుల్స్ టైటిలు, అదియే చివరిది.

2023 జనవరిలో మెల్బోర్న్‌లో రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ ఆడి ఓడెను. పదునెనిమిదేండ్ల క్రిందట సెరీనాతో ఆడిన నగరమది. ఫిబ్రవరి 21వ తేదీన దుబాయిలో తుది పోటీ ఆడెను. మార్చి 5వ తేదీన హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియములో, తన నగరప్రజల యెదుట, తన పాత జతగాండ్రతోను, మిత్రులతోను వీడ్కోలు ఆట ఆడెను.

విమర్శ

ఆమె క్రీడాజీవితములో లోటులు లేకపోలేదు. ఒలింపిక్ పతకము ఆమెకు దక్కలేదు. 2016లో రియో నగరమున బోపన్నతో కలిసి కాంస్యము కొరకు ఆడిన ఆట ఓడుట ఆమె జీవితములోని పెద్ద ఆశాభంగము. నాలుగు గ్రాండ్‌స్లాం పోటీలలోను మహిళల డబుల్స్‌లో మూడింటిని గెలిచి, ఫ్రెంచ్ ఓపెన్ మాత్రము గెలువలేకపోయెను. సింగిల్స్‌లో ఆమె పెద్ద టైటిలు ఒక్కటే, హైదరాబాదులో గెలిచినది. ఇవి యన్నియు నిజములే.

అయినను మొదట వేసికొన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. మిక్స్‌డ్‌లో మూడు, మహిళల డబుల్స్‌లో మూడు, వెరసి ఆరు గ్రాండ్‌స్లాం పట్టములు ఆమెవి. వానిని ఆమె భూపతి, సోరెస్, హింగిస్ అను ముగ్గురితో గెలిచెను. చిన్న పోటీలను కూడ చేర్చుకొన్నచో ఆమెతో కలిసి గెలిచినవారిలో ఎన్నో దేశములవారు, ఎన్నో భాషలవారు, ఎన్నో మతములవారు కలరు. తోడు మారుచున్నది, గెలుపు మాత్రము నిలుచుచున్నది. కనుక ఆ గెలుపునకు కారణము ఒక్క తోడి బలము మాత్రమే కాదు. తోడివారిలోని ఉత్తమగుణమును పైకి తెచ్చుట ఒక విద్య. ఆ విద్యలో ఆమె ప్రపంచమునకు మొదటిది. సింగిల్స్‌లో నెగ్గలేనివారి ఆశ్రయమని డబుల్స్‌ను చులకన చేయువారు ఈ విద్యను లెక్కలోనికి తీసికొనలేదు.

మరియొక విషయము. లోకములోని పనులలో ఒంటరిగా సాధింపబడునవి బహుకొద్ది. కుటుంబము, పొలము, పడవ, కార్యాలయము, ప్రభుత్వము, అన్నియు జంటగానో జట్టుగానో నడచునవే. పేరు ఒకరికి రావచ్చును, పని పలువురిది. ఒక చేయి తట్టిన చప్పుడు కాదను సామెత అందరికిని తెలిసినదే. పక్కవాని లోటును ఎత్తిచూపక పూడ్చగలుగుట, తన బలమును పక్కవానికి అడ్డముగాక ఆసరాగా నిలుపగలుగుట, గెలుపులో సగమే తనదని సంతోషముతో ఒప్పుకొనగలుగుట చిన్న సాధనలు కావు.

ఆమె 2013లో హైదరాబాదు శివారులలో నెలకొల్పిన టెన్నిసు శిక్షణాలయము పిల్లలకు తర్ఫీదు నిచ్చుచున్నది. 2025 ఏప్రిల్‌లో పూనాలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీలలో భారతజట్టు తరపున ఆడినవారిలో భామిడిపాటి శ్రీవల్లి రష్మిక, యమలపల్లి సహజ అను తెలుగు యువతులుండిరి. ఒకనాడు దేశమంతయు వెదకినను ఒకరిద్దరు దొరకని ఆటలో నేడు ఒక్క తెలుగునేలనుండియే ఇద్దరు జాతీయజట్టులో నిలుచుట చిన్న మార్పు కాదు. పాలకులు తమ వినోదము కొరకు తెచ్చిన ఆటను, వల కావలివైపున ఎవరున్నను జంకని ఒక హైదరాబాదు బాలిక తన ఆటగా చేసికొన్నది. ఆమె వెనుక వచ్చు బాలికలకు ఇది మన ఆట యగునా కాదా యను సందేహమే లేదు. ఆమె గెలిచిన టైటిళ్ల పట్టికలో ఈ గెలుపు కనబడదు గాని, చరిత్రకారుడు దీనిని మొదట వ్రాసికొనవలసియుండును.